పూత కింద ఏ లోహం ఉంది? పాత సామాను అమ్ముకునేవారి సందేహాలు

పూత వేసిన లోహ వస్తువులను తుక్కు కింద అమ్మేటప్పుడు ధర ఎలా తేలుతుందో వివరంగా చెప్పమని విజయవాడ, గుంటూరు పాఠకులు పలువురు రాశారు. దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను విజయవాడ పటమటలో ప్లంబింగ్ కాంట్రాక్టు పనులు చేస్తుంటాను. పాత అపార్టుమెంట్లలో బాత్‌రూములు తిరగకట్టేటప్పుడు తీసేసిన సీపీ ఫిట్టింగులు, అంటే క్రోమ్ పూత ఉన్న కుళాయిలు, షవర్లు, యాంగిల్ వాల్వులు రెండు గోతాలు పోగయ్యాయి. ఇంటివాళ్లు వాటిని నన్నే తీసుకుపొమ్మన్నారు. అవి ఇత్తడివని నా నమ్మకం. తుక్కు కొనే వ్యాపారి ఒకరు అయస్కాంతం పెట్టి చూపించి, కొద్దిగా లాగుతోంది కాబట్టి లోపల ఇనుము ఉందని, పైగా క్రోమ్ పూత వల్ల కరిగించేటప్పుడు తరుగు ఎక్కువ పోతుందని చెప్పి, ఇత్తడి ధరలో సగానికి అడిగారు. ఆయన మాట నమ్మవచ్చా?

జవాబు: అయస్కాంతం లాగిన మాట నిజమే గాని, అందువల్ల లోపల ఇనుము ఉందనడం సరికాదు. సీపీ ఫిట్టింగు మీద అద్దంలా మెరిసే క్రోమియం నేరుగా ఇత్తడి మీద ఉండదు. ముందు నికెల్ పూత వేసి, దాని మీద అతి పలుచగా క్రోమియం ఎక్కిస్తారు. ఇనుములాగే నికెల్‌ను కూడా అయస్కాంతం ఆకర్షిస్తుంది. ఇప్పుడు బజారులో దొరికే నియోడిమియం అయస్కాంతాలు చిన్నవైనా చాలా బలమైనవి కావడంతో, నికెల్ పొర ఎంత పలుచనిదైనా అవి కొద్దిగా తగులుకున్నట్టు అనిపిస్తుంది. లోపల ఇనుమే ఉంటే అయస్కాంతం టక్కున అతుక్కుని, గట్టిగా లాగితే గాని ఊడిరాదు. నికెల్ పూత ఉన్న ఇత్తడి మీదైతే కాస్త మొగ్గి, కుళాయిని వంచగానే జారిపోతుంది. ఒక్కోసారి లోపలి స్క్రూ గాని స్పిండిల్ గాని స్టీలుదై ఉండి, ఆ ఒక్క చోటే అయస్కాంతం పట్టుకుంటుంది. కాబట్టి కుళాయిని విప్పి, ఒట్టి బాడీ మీద అయస్కాంతం పెట్టి చూడాలి.

ఇక పూత వల్ల తరుగు పోతుందన్న వాదన లెక్కకు నిలవదు. సుమారు 800 గ్రాముల బరువున్న కుళాయి పైభాగం వైశాల్యం 250 చదరపు సెంటీమీటర్లు ఉందనుకుందాం. దాని మీద 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన నికెల్ ఉంటే, నికెల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.9 గ్రాములు కనుక ఆ పొర బరువు 2.2 గ్రాములు. క్రోమియం మందం అర మైక్రాన్ కూడా ఉండదు, 0.3 మైక్రాన్ అనుకుంటే దాని బరువు గ్రాములో ఇరవయ్యో వంతు. అంటే రెండు పొరలూ కలిసి కుళాయి బరువులో 0.3 శాతానికి మించవు. ఇంత కొద్ది నికెల్ ఇత్తడి పోతను పాడుచేయదు. అంతర్జాతీయంగా తుక్కు వ్యాపారులు పాటించే శ్రేణుల పట్టిక ఒకటి ఉంది. అమెరికాలో ఐఎస్‌ఆర్‌ఐ పేరుతో పనిచేసి, 2024లో రీసైకిల్డ్ మెటీరియల్స్ అసోసియేషన్‌గా పేరు మార్చుకున్న సంస్థ దాన్ని ప్రచురిస్తుంది. మన వ్యాపారులు కూడా ‘హనీ’ అని పిలిచే పసుపు ఇత్తడి తుక్కు ఆ పట్టికలోదే, అందులో పూత వేసిన ఇత్తడి కూడా చేరుతుందని స్పష్టంగా రాసి ఉంది. కనుక క్రోమ్ పూత ఒక్కదాన్నే చూపించి సగం ధర అడగడం న్యాయం కాదు.

అయితే వ్యాపారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆయన భయం పూర్తిగా కల్పితం కాదు. క్రోమ్ పూత కింద ఉన్నదంతా ఇత్తడే అన్న హామీ ఏమీ లేదు. చవక రకం కుళాయిల బాడీలు, మంచి రకం కుళాయిల హ్యాండిళ్లు కూడా చాలావరకు జింక్ మిశ్రమంతో అచ్చుపోసినవే. షవర్లలో చాలా భాగం ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత వేసినవి. జమాక్ అనే ఆ జింక్ మిశ్రమంలో దాదాపు 4 శాతం అల్యూమినియం ఉంటుంది. అది 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది, ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి, జింక్ 907 డిగ్రీలకే మరిగి తెల్లని పొగగా లేచిపోతుంది. ఇత్తడి మూసలో జింక్ హ్యాండిళ్లు కలిసి పడితే కరిగించేవాడికి కొంత లోహం పొగలో పోవడమే కాక, అల్యూమినియం చేరి పోత కూడా చెడుతుంది. కలగాపులగంగా ఉన్న గోతాన్ని చూసిన వ్యాపారి ఆ నష్టమంతా ముందే లెక్కవేసుకుని ధర తగ్గిస్తాడు. మీరు వేరుచేసి తీసుకెళితే ఆ తగ్గింపునకు కారణమే ఉండదు.

వేరుచేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. కుళాయి బాడీకి లోపలి వైపు, మరలు ఉన్న చోట ఆకురాయితో నాలుగుసార్లు గట్టిగా రుద్దితే పూత పోయి అసలు రంగు బయటపడుతుంది: పసుపుపచ్చగా మెరిస్తే ఇత్తడి, బూడిదరంగు కలిసిన తెలుపైతే జింక్ మిశ్రమం. పూత కింద రాగి పొర వేసిన జింక్ వస్తువులు కూడా ఉంటాయి కనుక, ఎర్రటి రంగు కనిపించగానే ఆగిపోకుండా మరికొంత లోతుకు రుద్దాలి. అప్పటికీ సందేహం తీరకపోతే నీటి పరీక్ష ఉంది. ముక్కను విడిగా తూచండి. తరువాత డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నాకు తెచ్చుకుని, ముక్కను దారంతో కట్టి, గిన్నె అడుగుకు గాని అంచుకు గాని తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కాటా చూపే గ్రాములే ఆ ముక్క పరిమాణం మిల్లీలీటర్లలో. 850 గ్రాముల ముక్కకు కాటా 100 చూపితే సాంద్రత 8.5, అది ఇత్తడి. 127 చూపితే 6.7, అది జింక్ మిశ్రమం. లోపల గాలి చిక్కుకుంటే లెక్క తప్పుతుంది కనుక పూర్తిగా విప్పిన ముక్కతోనే ఈ పరీక్ష చేయాలి.

ఆ తరువాత పని ఓపికకు సంబంధించినది. రబ్బరు వాషర్లు, ప్లాస్టిక్ కార్ట్‌రిడ్జ్‌లు, స్టీలు స్పిండిళ్లు, టెఫ్లాన్ టేపు తీసేయాలి. బోరు నీళ్లు వాడే ఇళ్ల కుళాయిల్లో ఉప్పు గార ఎంత పేరుకుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. సుత్తితో తట్టి దాన్ని రాల్చాలి. తూకంలో కోత పెట్టడానికి వ్యాపారికి న్యాయమైన కారణం ఏదైనా ఉంటే అది ఈ గారే. ఇత్తడి ఒక గోతంలో, జింక్ మరో గోతంలో, స్టీలు వేరుగా పెట్టి, హ్యాక్సాతో అడ్డంగా కోసిన ఇత్తడి ముక్క ఒకటి నమూనాగా చేతిలో పట్టుకుని, ఇనుము కొనేవారి దగ్గరకు కాకుండా రాగి, ఇత్తడి ప్రత్యేకంగా కొనేవారి దగ్గరకు వెళ్లండి. ఇద్దరు ముగ్గురిని అడిగిన తరువాతే ధర ఖాయం చేసుకోండి. జింక్ ధర ఇత్తడి కంటే తక్కువే గాని, దాన్ని ఊరికే వదిలేయకండి.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అత్తగారి కాలం నాటి కళాయి వేసిన ఇత్తడి గుండిగలు, వెండి పూత ఉన్న పూజాసామగ్రి కొంత, పిల్లల పెళ్లిళ్లకు కొన్న వన్‌గ్రామ్ గోల్డు నగలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి అమ్మేద్దామనుకుంటున్నాము. పూతలో ఉన్న వెండికి, బంగారానికి విడిగా డబ్బు అడగవచ్చా?

జవాబు: అమ్మా, ఈ మూడూ మూడు రకాలు, వాటిని ఒకే చోట అమ్మకండి.

గుండిగల లోపలి కళాయి తగరం. కిలోల లెక్కన చూస్తే తగరం రాగి కంటే ఖరీదైన లోహమే అయినా, కళాయి మందం చాలా తక్కువ కనుక దానికి ఎవరూ విడిగా డబ్బు ఇవ్వరు, దాన్ని చూపించి ధర తగ్గించడానికీ వీల్లేదు. వాటిని తుక్కు కింద ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించమని నా మనవి. చిల్లులు, పగుళ్లు లేని పాత ఇత్తడి గుండిగను పాత్రగానే కొనేవారు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు, పాత్రగా వచ్చే ధర తూకం ధర కంటే మెరుగ్గా ఉండే అవకాశం ఉంది. పాత్ర గట్టిగా ఉంటే మళ్లీ కళాయి వేయించుకుని మీ ఇంట్లోనే వాడుకోవచ్చు. అడుగు అరిగిపోయినవాటిని మాత్రం ఇత్తడి కింద ఇచ్చేయండి.

వన్‌గ్రామ్ గోల్డు నగల విషయంలో ఆశ పెట్టుకోవద్దని స్పష్టంగా చెప్పక తప్పదు. మన పక్కనే ఉన్న మచిలీపట్నం చిలకలపూడి గిలిటు నగలకు పేరుపొందిన ఊరు. అక్కడి పనితనం గొప్పదే అయినా, ఆ నగల అందం పనితనంలో ఉంది గాని బంగారం బరువులో లేదు. 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న గాజు మీద అర మైక్రాన్ మందాన బంగారం ఉందనుకుంటే, బంగారం సాంద్రత 19.3 కనుక, మొత్తం 39 మిల్లీగ్రాములు మాత్రమే తేలుతుంది. పూత అంతకంటే పలుచగా ఉండటమే ఎక్కువ, వాడకంలో అరిగిపోయేది కూడా అందులోంచే. నత్రికామ్లం వంటి ఘాటు రసాయనాలు లేనిదే ఆ కాస్త బంగారాన్ని రాబట్టలేరు. కిలోలకొద్దీ సరుకు పోగుచేసి శుద్ధి చేసేవారికి తప్ప ఆ ఖర్చు గిట్టదు. పాత గిలిటు నగలు కొంటామని వీధుల్లో తిరిగేవారు ఇచ్చేది సాధారణంగా లోపలి రాగికి, ఇత్తడికి వచ్చే ధర మాత్రమే. మంచి స్థితిలో ఉన్న సెట్లను అమ్మడం కంటే దగ్గరివాళ్లకు ఇవ్వడమే నయం.

వెండి పూత సంగతి కొంచెం వేరు. పాతకాలపు మంచి పనిలో వెండి 10 మైక్రాన్లు, అంతకు మించి కూడా ఉండేది. 1,000 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న పళ్లెం మీద 10 మైక్రాన్ల పూత ఉంటే అందులో వెండి పదిన్నర గ్రాములు. ఈనాటి చవక వస్తువుల్లో ఒకటి రెండు మైక్రాన్లకు మించి ఉంటుందని అనుకోవద్దు. జర్మన్ సిల్వర్ అని అమ్మేదానిలో రాగి, నికెల్, జింక్ ఉంటాయి గాని, పైన వెండి పూత వేస్తే తప్ప వెండి అసలే ఉండదు. నగల దుకాణాల్లో ఎక్స్-రే కిరణాలతో లోహాన్ని గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో పరీక్షించి చెబుతారు గదా అని మీరనవచ్చు. ఆ యంత్రం వస్తువు పైపొరను మాత్రమే చదువుతుంది, లోపలికి చూడలేదు. మందపాటి వెండి పూత ఉన్న ఇత్తడి గిన్నెను పెట్టినా వెండి శాతం ఎక్కువగానే చూపించవచ్చు. కాబట్టి అడుగున, కనిపించని చోట ఆకురాయితో గీసి, గీసిన చోట పరీక్ష చేయించండి. వస్తువు పూర్తిగా వెండిదే అని తేలినా అదే మీకు రుజువు.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీల పనిలో ఉన్నాను. జీఐ షీటు, అంటే జింక్ పూత ఉన్న ఇనుప రేకు ముక్కలకు ఇనుము ధర కంటే తగ్గించి ఇస్తున్నారు. జింక్ ఇనుము కంటే ఖరీదైనదే కదా, ధర పెరగాలి గాని తగ్గడమేమిటి? క్రోమ్ బంపర్ల సంగతి కూడా చెప్పండి.

జవాబు: ఇనుము కరిగించేవాడికి జింక్ దక్కదు, అందుకే దానికి ధర కట్టడు. ఫర్నేసులో ఉక్కు కరిగే వేడికి చాలా ముందే జింక్ ఆవిరై పొగలో కలుస్తుంది. పెద్ద ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసుల్లో ఆ పొగను ధూళిగా పట్టి, దాని నుంచి జింక్‌ను తిరిగి తీసే పద్ధతి ఉంది. ఆ ఏర్పాటు లేని చిన్న ఇండక్షన్ ఫర్నేసుకు మాత్రం జింక్ పొగ, లోపలి లైనింగ్ దెబ్బతినడం, తూకంలో నష్టం తప్ప లాభమేమీ లేదు. ఆ నష్టం ఎంతో కూడా చూద్దాం. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింక్ ఉన్న అర మిల్లీమీటరు షీటులో జింక్ వాటా సుమారు 3 శాతం, 275 గ్రాముల పూత ఉన్న షీటులో దాదాపు 7 శాతం. కాబట్టి పలుచని షీటుకు కొంత తగ్గింపు సమంజసమే. అదే తగ్గింపును 6 మిల్లీమీటర్ల జీఐ యాంగిల్‌కు కూడా వేస్తే ఒప్పుకోకండి, మందం ఎక్కువ కనుక అందులో జింక్ వాటా అంతకంటే తక్కువే.

క్రోమ్ బంపరు ఇనుముదైతే ఇనుము ధరే. కొత్త బండ్లలో చాలావాటికి ఉన్నది ప్లాస్టిక్ మీద పూత, అది లోహమే కాదు.

మీరు అడగకపోయినా ఒక జాగ్రత్త చెప్పాలి. జీఐ సరుకును గ్యాసుతో కోసేటప్పుడు వచ్చే తెల్లని పొగ పీలిస్తే కొన్ని గంటల తరువాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. దాన్ని ఫ్లూ అనుకుని మందులు వేసుకుని మర్నాడు మళ్లీ అదే పనికి వెళుతుంటారు. తలుపులు మూసిన షెడ్డులో ఆ పని చేయవద్దు, వీలైనంతవరకు కత్తెరతో గాని కటింగ్ మెషీనుతో గాని కోయండి. పాత బోల్టుల మీది పసుపు ఛాయ సాధారణంగా జింక్‌దే గాని, పాత యంత్రాల బోల్టుల మీద కాడ్మియం పూత కూడా ఉండేది. కాడ్మియం పొగ ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణం మీదకు తెస్తుంది. పూత ఏదో తెలియని బోల్టును గ్యాసు మంటతో వేడి చేయకండి.

ప్రశ్న: గుంటూరులో మోటార్లు రీవైండింగ్ చేసే షాపు మాది. పాత వైండింగ్ తీగను కాలిస్తే, తగరం పూసిన తీగను, క్రోమ్ వస్తువులను యాసిడ్‌లో వేసి పూత తీస్తే ధర ఎక్కువ వస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. చేయవచ్చా?

జవాబు: చేయవద్దు. డబ్బు లెక్కలో చూసినా అది మీకు నష్టమే.

వైండింగ్ తీగ మీది ఎనామిల్, అంటే కరెంటు తగలకుండా వేసే పలుచని పూత, బరువు తీగ బరువులో చాలా కొద్ది. ఎనామిల్ ఉన్న తీగను కాల్చకుండా ఇచ్చినా, కాల్చి ఇచ్చినా సాధారణంగా వెళ్లేది రెండో రకం రాగి కిందికే. మొదటి జవాబులో చెప్పిన పట్టికలో మొదటి రకం తీగ నిర్వచనంలో పూత లేనిది, కాలి పెళుసెక్కనిది అయి ఉండాలన్న నియమం ఉంది. అంటే పీవీసీ తొడుగు ఉన్న మంచి కేబుల్‌ను మీరు కాలిస్తే, మొదటి రకం రాగిని మీ చేతులతో మీరే రెండో రకానికి దించినట్టు. కత్తితో గాని తీగ ఒలిచే చిన్న యంత్రంతో గాని తొడుగు తీస్తే ఆ తేడా మీకే మిగులుతుంది. పీవీసీ కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, రాగి సమక్షంలో డయాక్సిన్లనే విషాలు కూడా పుడతాయి. ఆ పొగ ముందుగా పీల్చేది మీరు, మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లు. తగరం పూసిన తీగకు మెరిసే రాగి తీగ కంటే ధర కొంత తక్కువే, ఆ తేడాను ఒప్పుకుని విడిగా కట్టగట్టి అమ్మండి.

యాసిడ్ మాట మరీ ప్రమాదకరం. నికెల్, క్రోమియం కరిగిన ఆమ్లాన్ని షాపు వెనుక డ్రైనేజీలో పోస్తే అది పంటకాలువల్లోకి చేరుతుంది. క్షార ద్రవంలో కరెంటు పెట్టి క్రోమ్ తీసే పద్ధతిలో హెక్సావలెంట్ క్రోమియం తయారవుతుంది, అది క్యాన్సర్ కలిగించే పదార్థం. లోహాలకు పూత వేయడం, తీయడం వల్ల వచ్చే మురుగును 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద చేర్చారు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారే ఆ పని చేయాలి. మొదటి జవాబులో చూపినట్టు పూత బరువు ఒక శాతంలో మూడో వంతు కూడా ఉండని చోట, దాన్ని తీయడానికి ఇంత ముప్పు ఎందుకు?

మీ వృత్తికి పనికివచ్చే సంగతి ఇంకొకటి. ఎనామిల్ రంగు వల్ల అల్యూమినియం వైండింగ్ తీగ కూడా రాగిలాగే కనిపిస్తుంది. రాగి తొడిగిన అల్యూమినియం తీగ అయితే ఎనామిల్ గీరేసినా ఎర్రగానే ఉంటుంది. పరిమాణంలో పదో వంతు రాగి ఉన్న అటువంటి తీగలో బరువు లెక్కన రాగి 27 శాతమే. కోసిన చివరను ఆకురాయితో రుద్ది, నడుమ తెల్లగా ఉందేమో భూతద్దంతో చూడండి. పాతది అమ్మేటప్పుడు చేసే ఈ పరీక్షను కొత్త తీగ కొనేటప్పుడు కూడా చేయండి, అక్కడ పోయే డబ్బు ఇంకా ఎక్కువ.

ప్రశ్న: తుక్కు అమ్మితే జీఎస్టీ కింద 18 శాతం కోస్తామంటున్నారు. కాటా మీద కూడా అనుమానంగా ఉంది. ఏం చేయాలి? విజయవాడ వన్‌టౌన్ నుంచి ఒక చిరువ్యాపారి.

జవాబు: 2024 అక్టోబర్ 10 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వ్యాపారి దగ్గర లోహపు తుక్కు కొనే రిజిస్టర్డ్ వ్యాపారే రివర్స్ చార్జి పద్ధతిలో ఆ పన్ను ప్రభుత్వానికి కట్టాలి. మీకు రిజిస్ట్రేషన్ లేకపోతే పన్ను కట్టే బాధ్యత ఆయనది, మీ తూకం ధరలోంచి పన్ను పేరుతో విడిగా కోయడానికి ఆధారం లేదు. ధర మాట్లాడుకునేటప్పుడే చేతికి వచ్చే మొత్తం ఎంతో తేల్చుకోండి. కాటా సంగతికి వస్తే, ఎలక్ట్రానిక్ కాటాను ఏడాదికొకసారి తూనికలు కొలతల శాఖ చేత తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. ఆ ధ్రువపత్రం చూపించమని అడిగే హక్కు మీకుంది. చూపించకపోతే సరుకు దించకుండా మరో చోటికి వెళ్లండి, కావాలంటే ఆ శాఖకు ఫిర్యాదు చేయండి. ఇంట్లోనే తూచుకుని, బరువు కాగితం మీద రాసుకుని వెళితే అనుమానం అక్కడికక్కడే తేలిపోతుంది.